రెండు గేట్ల మధ్య కాటా మేస్త్రీ

కాటా మేస్త్రీ మాట కూడా తూచి వదులుతాడని పేరు. అది పొగడ్తో ఎత్తిపొడుపో అతని భార్యకి ఇరవై ఆరేళ్ల కాపురంలోనూ తేలలేదు. సరుకుతో నిండిన లారీని లారీగానే తూచే పెద్ద కాటాలుంటాయి కదా, నేలకి సమంగా పరిచిన ఉక్కు పలకలు, వాటిని బాగుచేయడం అతని పని. చదివి నేర్చుకున్నది కాదు. ఒక ముసలి మేస్త్రీ వెనకాల పలక కింది గొయ్యిలోకి దిగి, పాకి, మోకాళ్లు చెక్కుకుపోయాక వంటబట్టిన విద్య. సరిహద్దు గేటు దగ్గరున్న కాటాకి మొదటినుంచీ మంచీ చెడ్డా చూసేది అతనే. సరిచేసిన ప్రతిసారీ దాని లోపలి పెట్టెకి తీగ చుట్టి, సీసం బిళ్ల తగిలించి, తన నంబరున్న పట్టకారుతో నొక్కుతాడు. ఆ ముద్ర తెగనంతకాలం కాటా చెప్పింది నిజమని అర్థం. అబద్ధమైతే ఎవరి చొక్కా పట్టుకోవాలో కూడా దాని మీదే ఉంటుంది.

ఆ సోమవారం మధ్యాహ్నం గేటు ఆఫీసరు కబురు పంపాడు. గంటలో వచ్చేస్తానని భార్యకి చెప్పి మేస్త్రీ బయల్దేరాడు. గురువారం పొద్దున పదింటికి ఆవిడకి కంటి ఆపరేషను. ఎడమ కంటికి పొర కమ్మింది. ఎనిమిది నెలలు వరసలో ఉంటే ఇప్పటికి వంతు వచ్చింది. కూరగాయల దగ్గర తప్ప కత్తి అంటే ఆవిడకి గుండెదడ. మీరు పక్కనుంటేనే బల్ల ఎక్కుతానని ముందే తెగేసి చెప్పింది. మేస్త్రీ సరేనన్నాడు. అతను ఒకసారి సరే అంటే మళ్లీ అడగక్కర్లేదని ఇంట్లో అందరికీ తెలుసు.

గేటు దగ్గర గొడవ ఇదీ. ఇరుగుపొరుగు ప్రభుత్వాలు ఐదు కలిసి కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. వ్యాపారం సులువుగా సాగాలి, దాంతోపాటు ఆయుధాలూ మందుగుండూ దొంగచాటుగా దాటకూడదు అని. ఇదివరకు ఇటువాళ్ల తూకం ఇటు, అటువాళ్ల తూకం అటు. ఒకరి చీటీ మొహం ఒకరు చూసేవారు కాదు. లారీని విప్పి, సరుకు దింపి, వెతికి, మళ్లీ ఎక్కించేసరికి రెండు రోజులు పట్టేది. ఇప్పుడు లారీకి వేసిన సీలు విప్పరు. ఇటు గేటు కాటా మీద ఒకసారి, నాలుగు వందల అంగల దూరంలో అటు గేటు కాటా మీద ఇంకోసారి తూస్తారు. రెండు తూకాలకీ వంద కిలోలకి మించి తేడా వస్తే మధ్యలో ఏదో ఎక్కిందనో దిగిందనో లెక్క. లారీ అక్కడే ఆగిపోతుంది. మంచి ఏర్పాటే. పదకొండు రోజులు చక్కగా నడిచింది. పన్నెండో రోజు నూలు కండెల లారీ ఒకటి అటు గేటు దగ్గర నూట ఇరవై కిలోలు తక్కువ తూగింది.

మేస్త్రీ చేతికి ఒక పసుప్పచ్చ కాగితం ఇచ్చి, ఫోను తీసుకుని లోపలికి పంపారు. వెనకాల గేటు పడ్డాక నింపాదిగా కాగితం చదువుకున్నాడు. మరమ్మతు మనిషి ఏ లారీ కోసం లోపలికి వెళ్లాడో ఆ లారీ కదిలాకే బయటికి రావాలని ఉంది. గబగబా వెనక్కి వచ్చి ఊచల్లోంచి ఆఫీసరుని అడిగాడు.

“అదేంటి సార్, లారీ కదలకపోతే?”

“కదులుతుంది మేస్త్రీ. మీరు వెళ్తోంది కదిలించడానికేగా.”

రెండు గేట్ల మధ్య చోటుకి స్నేహ మార్గం అని పేరు పెట్టారు. రెండు పక్కలా నిలువెత్తు ముళ్లకంచె. ఒక నీళ్ల పంపు, ఒక మరుగుదొడ్డి, ఇనప కుర్చీలున్న గది. గది గోడ మీద ఐదుగురు పెద్దమనుషులు చేతులు కలుపుకుని నవ్వుతున్న ఫోటో. ఆ ఫోటో మేకుకి ఒక తువ్వాలు ఆరేసి ఉంది. తువ్వాలు ఆగిపోయిన లారీ డ్రైవరుది. అతన్ని తోటి డ్రైవర్లు బస్తా అంటారు. ఎందుకంటారో చూస్తే తెలుస్తుంది, అడగక్కర్లేదు. శనివారం నుంచి అక్కడే ఉన్నాడు.

“రండి మేస్త్రీ, ఇల్లు మనదే,” అన్నాడు కుర్చీ చూపిస్తూ. “తలుపులే వాళ్లవి.”

మేస్త్రీ కూర్చోలేదు. ఒక్కోటి ఇరవై కిలోలుండే తూకపు గుండ్లు యాభై, తోపుడు బండి మీద తెప్పించాడు. ఇటు కాటా నాలుగు మూలలా, నడిమధ్యనా పేర్చి చూశాడు. సరిగ్గా ఉంది. అవే గుండ్లు అటు కాటాకి తోసుకెళ్లాడు. అదీ సరిగ్గా ఉంది. దాని మీద అటు దేశపు మేస్త్రీ ముద్ర ఉంది. ఆయన పోయి ఏడాదైందని, కొత్తవాణ్ని ఇంకా వెయ్యలేదని అటు గేటు ఆఫీసరమ్మ చెప్పింది. గొయ్యిలో ఆ పోయినాయన వేసిన అతుకులు చూసి మేస్త్రీ కాసేపు దీపం అక్కడే పట్టుకున్నాడు. ఎక్కడా ఒక్క పొక్కు లేదు. ఇలాంటి చేతి కింద కాటా తప్పు చెప్పదు. తన చేతి కిందదీ చెప్పదు. మరి నూట ఇరవై కిలోలు ఎక్కడికి పోయినట్టు? ఆలోచన తెగకముందే ఆరయింది. రెండు గేట్లూ మూతపడ్డాయి.

మంగళవారం మేస్త్రీ నూలుని అనుమానించాడు. నూలు చెమ్మ పీలుస్తుంది, ఎండకి వదులుతుంది. టైర్లకి అంటిన మట్టిని గీకించాడు. డీజిలు టాంకు కొలిపించాడు. లారీని ఇటు కాటా నుంచి అటు కాటాకి, అటు నుంచి ఇటుకి నాలుగుసార్లు తిప్పించాడు. అటు వెళ్తే నూట ఇరవై తగ్గేది. ఇటు రాగానే పోయిన బరువంతా బుద్ధిగా తిరిగొచ్చేది. చెమ్మయితే ఇలా చెప్పినట్టు వచ్చిపోదు. నాలుగుసార్లూ మేస్త్రీ గొయ్యిలోనే ఉన్నాడు, పలకని మోసే ఉక్కు దిమ్మల మీద చెయ్యి వేసి, చెవి ఒగ్గి. ఇరవై ఆరేళ్లుగా అతను ఏ కాటానైనా కింద నుంచే చూశాడు. జబ్బు ఎప్పుడూ కిందే ఉండేది. పైన ఏం జరుగుతుందో చూడాలని అతనికి తోచను కూడా తోచలేదు.

రోజుకి ఒక ఫోను మాట్లాడనిస్తారు. ఇటు గేటు ఊచల పక్కన బల్ల మీద, గుమాస్తాలు ముగ్గురు చెవులు రిక్కించుకుని కూర్చుండగా. గంటన్నారు, అని మాత్రం అంది భార్య. రేపటికల్లా తేలిపోతుందని మేస్త్రీ చెప్పాడు. ఆసుపత్రివాళ్లు కంట్లో వేసుకోమని చుక్కల మందు ఇచ్చారని, గురి కుదరక సగం చెంప మీద పోస్తున్నానని ఆవిడ చెప్పింది. గుమాస్తాల్లో ఒకడు జాలిగా నాలిక చప్పరించాడు. మేస్త్రీ ఫోను పెట్టేశాడు.

ఆ సాయంత్రం ఇనప కుర్చీలో కూర్చుంటే అతనికి ఊపిరాడనట్టయింది. గోడలు కొత్తవి, కిటికీలు పెద్దవి, గాలి ధారాళంగా వస్తోంది. అయినా సరే. గొయ్యిలో పడుకుని మీద ముప్పై టన్నుల లారీ నిలబడ్డా ఏనాడూ ఇలా లేదు. అక్కడ ఎటు పాకితే బయటపడతాడో తెలిసేది.

బుధవారం మధ్యాహ్నం ఐదోసారి లారీని అటు కాటా ఎక్కించారు. గొయ్యికి గాలి ఆడటానికి పక్కగోడలో జానెడు సందు ఉంది. మొహం చెమట తుడుచుకుంటూ మేస్త్రీ అటు తిరిగాడు. సందులోంచి నేల మీద ఒక పసుప్పచ్చ గీత కనిపించింది. గీత వెనకాల రబ్బరు చెప్పుల్లో రెండు పాదాలు, బాగా పొంగిన పూరీల్లా వెడల్పాటివి. ఆ పాదాల్ని మూడు రోజులుగా కుర్చీ ఎదురుగా చూస్తూనే ఉన్నాడు. పైకి పాకి వచ్చాడు.

“నువ్వు ఇక్కడేం చేస్తున్నావు?”

“నిలబడ్డాను,” అన్నాడు బస్తా.

“లారీ కాటా మీదుంటే నువ్వు కిందెందుకున్నావు?”

“ఇక్కడ దిగాలి మేస్త్రీ. దిగి, చేతులు చూపించి, గీత వెనక నిలబడాలి. అప్పుడు తూస్తారు. సెక్యూరిటీ.”

“మా గేటు దగ్గర?”

“అక్కడ దిగకూడదు. చీటీ కిటికీలోంచి ఇచ్చేస్తారు. టైము కలిసొస్తుందని.”

మేస్త్రీ చేతిలో పానా కింద పెట్టాడు. “ఈ ముక్క మూడు రోజుల్నుంచి ఎందుకు చెప్పలేదు?”

“మీరు కాటా సంగతి అడిగారు. నా సంగతి ఎప్పుడడిగారు?”

“నీ బరువెంత?”

బస్తా చిన్నబుచ్చుకున్నాడు. “ఆ మాట మా ఆవిడ కూడా అడగదు.”

అంతే సంగతి. ఒప్పందం ప్రకారం లారీకి ఒక్క మనిషే. సన్నపాటి డ్రైవర్లు అరవై, డెబ్బై, ఎనభై. వాళ్ల తేడా ఆ వంద కిలోల మినహాయింపులో కలిసిపోయింది. పదకొండు రోజులూ ప్రతి లారీ తన డ్రైవరంత తక్కువే తూగింది, ఎవరికీ పట్టలేదు. కాటాలు రెండూ నిజమే చెప్పాయి. ఒకటి మనిషితో చెప్పింది, ఒకటి మనిషి లేకుండా.

మేస్త్రీ గుండె తేలికపడింది. సాయంత్రానికి ఇంట్లో ఉంటాననుకున్నాడు. ఇటు ఆఫీసరు, అటు ఆఫీసరమ్మ ఇద్దరూ ఒప్పందం పుస్తకాలు పట్టుకుని స్నేహ మార్గంలోకి వచ్చారు. అతను చెప్పింది ఒక్క మాటలో అర్థం చేసుకున్నారు. మెచ్చుకున్నారు కూడా. ఆ తర్వాత పేజీలు తిప్పారు. పందొమ్మిదో పేజీలో, ఆలస్యం కాకుండా డ్రైవరు సీటులోనే ఉండాలని ఉంది. అది వ్యాపారం వాళ్లు రాసింది, ఇటు గేటుకి వర్తిస్తుంది. నలభై నాలుగో పేజీలో, తూకానికి ముందు డ్రైవరు దిగి తీరాలని ఉంది. అది భద్రత వాళ్లు రాసింది, అటు గేటుకి వర్తిస్తుంది. వాళ్లొక గదిలో, వీళ్లొక గదిలో కూర్చుని రాసుకున్నట్టున్నారు. ఒక్క అక్షరం మార్చాలన్నా ఐదు ప్రభుత్వాలూ మళ్లీ కూర్చోవాలి. మళ్లీ కూర్చునేది మూడు నెలలకి.

డ్రైవరుని విడిగా తూచి ఆ బరువు చీటీ మీద రాసేస్తే సరిపోతుందని మేస్త్రీ చెప్పాడు. చీటీలో అందుకు గడి లేదన్నారు. పైవాళ్లని అడుగుతామని, జవాబు రేపో ఎల్లుండో వస్తుందని అన్నారు.

ఇటు ఆఫీసరు అతన్ని పక్కకి పిలిచాడు. మంచివాడే, గొంతులో నిజంగా సానుభూతి ఉంది.

“ఎందుకొచ్చిన గొడవ మేస్త్రీ? మన కాటాని ఒక అరవై కిలోలు తగ్గించెయ్యండి. లావువాడికీ సన్నవాడికీ అందరికీ సరిపోతుంది. లారీ వెళ్తుంది, మీరూ ఇంటికి వెళ్తారు. ఎవరికి నష్టం చెప్పండి?”

మేస్త్రీ లెక్క వేసి చూశాడు. సరిపోతుంది, నిజమే. పెట్టె తెరిచి స్క్రూ తిప్పి మళ్లీ ముద్ర వెయ్యడానికి పావుగంట. అప్పటికి టైము నాలుగున్నర. ఆలోచించుకుంటానని చెప్పి, ఆ రోజు ఫోను మాట్లాడుకోవడానికి వెళ్లాడు. అంతా విని భార్య, ఎంతసేపటి పని అని అడిగింది.

“పావుగంట.”

“మరి తిప్పేసి రండి. అరవై కిలోలకి దేశాలు మునిగిపోవు.”

“దేశాల సంగతి కాదు.”

“అయితే నా సంగతా?”

గుమాస్తాలు ముగ్గురూ కాగితాల్లో తలలు దూర్చారు. తోటికోడలిని తోడు తీసుకుని వెళ్లు, నేను అందుకుంటాను అని చివరికి ఎలాగో అన్నాడు. ఆవిడ ఊఁ కొట్టిందో లేదో తెలియకుండానే ఫోను పెట్టేసింది.

మేస్త్రీ ఇటు కాటా పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు. పట్టకారు ముక్కుని తీగకి ఆనించాడు. అడకత్తెరలో పోకచెక్కంటే తనే అనుకున్నాడు. అయినా కత్తెర తన చేతిలోనే ఉంది. కాటాకేం, అరవై కిలోల అబద్ధం చెప్పమంటే చెప్తుంది. ఉక్కుకి సిగ్గు లేదు. రేపు ఎవడో ఆ అరవై కిలోల సందు కనిపెట్టి అందులో ఏం దాటించినా, తీగకి వేలాడే బిళ్ల మీద తన నంబరే ఉంటుంది. అది కూడా కాదు అసలు కారణం. నువ్వు దొరకవని ఎవరైనా రాసిచ్చినా అతనికి చెయ్యి ఆడేది కాదు. ఇందులో గొప్పేమీ లేదు. ఈత వచ్చినవాడు మునుగుదామన్నా మునగలేడు, అలాంటిదే. ఆరు గంటల సైరను మోగింది. తీగ తీగలాగే ఉంది. గేట్లు పడ్డాయి.

గురువారం పొద్దున బస్తా రొట్టె విరిచి సగం ఇచ్చాడు. మేస్త్రీ దాన్ని చేతిలోనే పట్టుకుని టైమెంతయింది అని అడిగాడు. తొమ్మిది ముప్పావు. కాసేపాగి మళ్లీ అడిగాడు. పది దాటి ఐదు నిమిషాలు. ఆ తర్వాత అడగలేదు. బస్తా కూడా, ఎప్పుడూ నోరు ఊరుకోని మనిషి, పదకొండు వరకు ఏ జోకూ వెయ్యలేదు.

మధ్యాహ్నం రెండింటికి పైనుంచి జవాబు వచ్చింది. దారి కనిపెట్టింది ఆఫీసరమ్మ. ఒప్పందంలో చీటీ ముందు వైపు ఏం రాయాలో ఉంది గానీ వెనక వైపు గురించి ఒక్క మాట లేదు. కాబట్టి డ్రైవరు బరువు వెనక రాసుకోవచ్చు. రెండు వైపుల పెద్దలూ ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. ఇటు మనిషి రాస్తే అటువాళ్లు నమ్మరు, అటు మనిషి రాస్తే ఇటువాళ్లు నమ్మరు. ఇద్దరి కాటాలూ సరిచూసి, ఎవరి మొహమాటానికీ లొంగకుండా తీగ తెంచనివాడు ఒక్కడే ఉన్నాడు. ప్రతి చీటీ వెనకా అతనే రాసి, అతని పట్టకారుతోనే నొక్కాలి. పొద్దున ఏడింటికి గేటు తెరిచినప్పటి నుంచి సాయంత్రం ఆరింటికి మూసేవరకు, వారానికి ఆరు రోజులు, పేజీ మారేదాకా. ఆదివారం గేట్లు రెండూ మూసే ఉంటాయి, ఆ ఒక్కరోజు అతనిది.

“నేను మరమ్మతు చేసేవాణ్ని అమ్మా, సంతకాలు పెట్టేవాణ్ని కాదు,” అన్నాడు మేస్త్రీ.

“నాకు తెలుసు,” అంది ఆఫీసరమ్మ. “కానీ మీరు వద్దంటే ఈ లారీ కదలదు. లారీ కదలకపోతే మీ పసుపు కాగితం సంగతి మీకు తెలుసుగా.”

ఆవిడ బెదిరించలేదు. ఉన్నమాట చెప్పింది. మేస్త్రీ సంతకం పెట్టాడు.

అటు గేటు గోదాములోంచి బస్తాలు తూచే కాటా తెప్పించాడు. దాన్ని ముందు తన గుండ్లతో సరిచూశాకే డ్రైవరుని ఎక్కమన్నాడు. నూట పద్దెనిమిది. పదుల్లోనే చూపే లారీ కాటాకి అది నూట ఇరవై. చీటీ వెనక రాసి, ముద్ర నొక్కి ఇచ్చాడు. లారీ స్టార్టు చేసి బస్తా కిటికీలోంచి తల పెట్టాడు.

“నా బరువు రెండు ప్రభుత్వాల రికార్డుకెక్కింది మేస్త్రీ. ఇంక తగ్గుదామన్నా తగ్గడానికి లేదు.” తర్వాత గొంతు తగ్గించి, “వదినగారిని అడిగానని చెప్పండి,” అన్నాడు.

మేస్త్రీ ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురుంది. భార్య వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది. కంటికి కట్టు లేదు. అతనికి అర్థమైంది. తోటికోడలితో కలిసి వెళ్లిందట. పేరు మూడుసార్లు పిలిచారట.

“అక్క లెమ్మని మోచేత్తో పొడుస్తూనే ఉంది,” అంది ఆవిడ. “మీరొస్తున్నారేమోనని నేను వాకిలి వైపే చూస్తున్నా. ఈ కంటితో ఏం కనిపిస్తుంది? ఎవరొచ్చినా మీలాగే ఉన్నారు. ఈలోగా పక్కావిడని పిలిచేశారు.”

మళ్లీ వంతు ఏడు నెలలకి. తేదీ వేసిన చీటీ ఇచ్చారు.

మేస్త్రీ చెప్పాల్సింది చెప్పాడు. స్క్రూ తిప్పని సంగతి, సంతకం పెట్టిన సంగతి, రేపు ఏడింటికి మళ్లీ వెళ్లాల్సిన సంగతి. ఆవిడ మధ్యలో అడ్డం రాకుండా విన్నది.

“జైల్నుంచి వస్తారనుకుంటే ఉద్యోగం తెచ్చుకున్నారా?” అంది. కాసేపటికి, “ఏడు నెలల తర్వాతైనా సెలవిస్తారా?”

రెండు వైపులా రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఇస్తారని కాగితంలో ఉంది. ముందుగా దరఖాస్తు పెట్టాలి. ఎంత ముందుగా అన్నది రాయలేదు. ఐదు ప్రభుత్వాలు మూడు నెలలకి కూర్చుంటాయి, అప్పటికి పేజీ మారిపోతుంది అనబోయాడు. ఆ మాట తూచి చూసుకుని, వదలలేదు.

కాళ్లు కడుక్కుని వచ్చి, బల్ల మీద రెండు తెల్ల కాగితాలు పెట్టుకున్నాడు. ఒకటి ఇటు గేటుకి, ఒకటి అటు గేటుకి. ఆసుపత్రి చీటీని ఆవిడ బాగున్న కంటికి దగ్గరగా పెట్టుకుని తేదీ చదివింది. అతను రాశాడు. ఇంకోసారి చదవమన్నాడు. రెండో కాగితం మీద రాశాడు.

“కారణం ఏం రాయను?” అని అడిగాడు.

“ఆపరేషనని రాయండి. భయమని రాస్తే ఇవ్వరు.”

భార్య కంటి ఆపరేషను అని రాసి, కింద సంతకం పెట్టాడు. తర్వాత కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి, మాట పక్కన మాట, అంకె పక్కన అంకె ఆవిడ చేత చదివించుకున్నాడు. ఎక్కడా తేడా లేదని ఆవిడ చెప్పాక కూడా ఇంకోసారి తనే చూసుకున్నాడు.